వేళ మారితే చేప మారుతుంది



జహీరాబాద్ చుట్టుపక్కల చెరువుల్లో, కుంటల్లో వల వేసేవాళ్లకు జిలేబీ చేపను కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. రవ్వ కోసం, బొచ్చె కోసం వల వేసినా తరచుగా ముందు పడేది అదే. అరచేయంత కూడా లేని చేపను పట్టుకుని నోరు తెరిచి చూస్తే లోపల పచ్చని గుడ్లు కనిపిస్తాయి. ఒక్కోసారి నల్లని కళ్లతో పిల్లలే కదులుతుంటాయి. ఆడ జిలేబీ తన గుడ్లను నోట్లో దాచుకుని పొదుగుతుంది. అంటే మన చేతిలో ఉన్నది పిల్ల కాదు, తల్లి.

ఇది ఆఫ్రికా చేప. 1952లో మన దేశానికి తెచ్చారు. చోటూ తిండీ దండిగా ఉన్న పెద్ద నీళ్లలో జానెడున్నర దాకా పెరుగుతుంది. అదే చేప ఇరుకు కుంటలో కిక్కిరిసి ఉంటే ఒళ్లు పెంచడం మానేసి పిల్లల్ని కనడం మొదలుపెడుతుంది. చెరువును నమ్ముకున్నవాళ్లకు ఇది నష్టమే. తూకానికి రాని చేపలు నీళ్లంతా నిండిపోయి, మనం వదిలిన పిల్లలకు తిండి దక్కకుండా చేస్తాయి. అయితే ఆ చిన్న తల్లి చేపను కాసేపు శ్రద్ధగా గమనిస్తే, ప్రపంచంలో ఇన్ని రకాల చేపలు ఎలా వచ్చాయన్న ప్రశ్నకు ఒక దారి దొరుకుతుంది. ఈ పూట ఆ దారిలోనే కొంత దూరం వెళ్దాం.

ఏ జీవికైనా ఒళ్లు ఎదగడం ఒకటి, ఈడు రావడం మరొకటి. రెండూ కలిసే జరుగుతాయని మనం అనుకుంటాం. జిలేబీలో అవి విడిపోయాయి. ఒళ్లు ఇంకా చిన్నపిల్లదే, ఈడు మాత్రం వచ్చేసింది. ఇంకా లోపలికి వెళ్తే, శరీరంలో ఏ భాగానికి ఆ భాగానికే వేళ వేరుగా ఉంటుంది. దవడ ఎప్పుడు మొదలవ్వాలి, కన్ను ఎంత వేగంగా పెరగాలి, వెన్నుపూసలు ఎప్పుడు గట్టిపడాలి, ఒంటి మీద చారలు ఏ వారంలో రావాలి, ఏది ఎక్కడ ఆగిపోవాలి, ఇవన్నీ వేటికవే. వీటిలో ఒక్కటి కాస్త ముందుకో వెనక్కో జరిగి, ఆ మార్పు తరతరాలకు నిలిచిపోతే పుట్టేది కొత్త రూపం. మన రైతులకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. విత్తనం అదే, చెలక అదే, వేసే చెయ్యీ అదే అయినా కార్తె మారితే పంట మారిపోతుంది. శాస్త్రజ్ఞులు ఈ వేళల మార్పును హెటిరోక్రొనీ అంటారు. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ పెట్టిన పేరు అది.

ఈ ఆలోచనను జన్యువుల భాషలోకి తెచ్చినవారిలో ఒకరు తర్వాత మన దేశస్థుడయ్యారు. ఆయన జె.బి.ఎస్. హాల్డేన్. జన్యువు ఏం చేస్తుందన్నదే కాదు, ఎదుగుదలలో ఏ దశలో పనిచేస్తుందన్నది కూడా పరిణామానికి ముఖ్యమని ఆయన 1932లోనే ఒక వ్యాసం రాశారు. 1957లో ఇంగ్లండ్ వదిలి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. భారత పౌరసత్వం తీసుకుని, భువనేశ్వర్‌లో ఉంటూ 1964లో కన్నుమూశారు. ఆయన దగ్గర పరిశోధన చేసినవారిలో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు గారు ఉన్నారు. తర్వాత అమెరికాలో స్థిరపడి, గురువు గురించి పుస్తకాలు రాసి లోకానికి పరిచయం చేసింది ఆయనే. మన పాఠ్యపుస్తకాల్లో ఇద్దరి పేర్లూ ఇంకా పెద్దగా కనిపించాలని నా కోరిక.

వేళ సంగతి కళ్లతో చూడాలంటే చేపపిల్లల్ని పెంచే హేచరీకి వెళ్లాలి. చేపపిల్లకు ఈత నేర్పాలా అని సామెత. నిజానికి గుడ్డు నుంచి బయటపడ్డ రవ్వ పిల్లకు మొదట్లో సరిగా ఈత రాదు, నోరూ తెరుచుకోదు. పొట్ట కింద వేలాడే సంచిలోని సొనే దానికి రెండు మూడు రోజులు తిండి. గుడ్డు పెట్టిన పదహారు, పద్దెనిమిది గంటల్లోనే పిల్ల బయటికి వచ్చేస్తుంది కాబట్టి మిగతా ఎదుగుదలంతా నీళ్లలోనే జరగాలి. ఆ తొలి రోజుల్లో రవ్వ, బొచ్చె, మ్రిగాల పిల్లల్ని ఒకే గిన్నెలో పోస్తే ఏది ఏదో చెప్పడం చెయ్యి తిరిగినవాళ్లకూ కష్టమే. తేడాలు తర్వాత బయటపడతాయి. బొచ్చెకు తల పెద్దదై నోరు పైకి తిరుగుతుంది, అది నీటి పైపొరల్లో మేస్తుంది. మ్రిగాల నోరు కిందికి వంగుతుంది, అది అడుగున మేస్తుంది. రవ్వ మధ్యలో. ఒకే చెరువులో ఈ మూడింటినీ కలిపి పెంచగలుగుతున్నామంటే, ఒకేలా పుట్టిన మూడు పిల్లలు ఏ భాగాన్ని ఎంత వేగంగా పెంచుకున్నాయన్న తేడాయే అందుకు కారణం.

మన రాష్ట్ర చేప కొర్రమీను ఇంకో రకం. 2016లో తెలంగాణ ప్రభుత్వం దానికి ఆ హోదా ఇచ్చింది. మృగశిర కార్తె రోజున హైదరాబాద్‌లో చేప మందు వేసేటప్పుడు చాలామంది నోట్లో వేసేది దాని పిల్లనే. తొలకరి తర్వాత చెరువు అంచున, తుంగ మధ్య ఆడది గుడ్లు పెడుతుంది. గుడ్లు నీటి మీద తేలతాయి. తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. పిల్లలు నారింజ, ఎరుపు రంగుల్లో గుంపుగా తిరుగుతాయి. గాలి పీల్చే ప్రత్యేక అవయవం వాటికి పుట్టుకతో ఉండదు, వారాలు గడిచేకొద్దీ తయారవుతుంది. అది తయారయ్యాక కొర్రమీను పైకి వచ్చి గాలి తీసుకోకుండా బతకలేదు. నీళ్లు తగ్గి బురద మిగిలిన కుంటలో మిగతా చాలా చేపలు చచ్చినా ఇది బతికేది అందుకే. పెద్దయ్యేకొద్దీ ఎరుపు పోయి బురద రంగు వస్తుంది. ఒకే చేప జీవితంలో రెండు వేరు వేరు చేపలు ఉన్నట్టు లేదూ?

ఇక్కడినుంచి కాసేపు సముద్రానికి వెళ్దాం. విశాఖపట్నం, కాకినాడ తీరంలో దొరికే నాలుక చేపను చూసినవాళ్లకు తెలుసు, దాని రెండు కళ్లూ తలకు ఒకే పక్కన ఉంటాయి. ఇసుకలో ఒక పక్కకు పడుకుని పైకి చూస్తూ బతుకుతుంది. పుట్టినప్పుడు అలా ఉండదు. అన్ని చేపల్లాగే నిలువుగా ఈదుతుంది, ఈ పక్కొకటి ఆ పక్కొకటి కళ్లుంటాయి. కొన్నాళ్లకు ఒక కన్ను మెల్లగా కదిలి, నడినెత్తి దాటి, రెండో పక్కకు చేరుతుంది. దాని వెంట పుర్రె ఎముకలూ మెలితిరుగుతాయి. ఇంత పెద్ద మార్పుకు సంకేతం ఇచ్చేది థైరాయిడ్ హార్మోన్. తోకకప్పను కప్పగా మార్చేదీ అదే. 1985లో జపాన్ శాస్త్రవేత్తలు ఇనుయి, మివా ఇలాంటి మరో బల్లపరుపు చేప పిల్లలున్న నీళ్లలో ఆ హార్మోన్ కలిపితే, వేళ కాకముందే కళ్లు కదిలి బుల్లి బుల్లి బల్లపరుపు చేపలు తయారయ్యాయి. హార్మోన్‌ను అడ్డుకుంటే కన్ను కదలనే లేదు, పిల్ల రూపంలోనే ఒళ్లు పెరుగుతూ పోయింది. సంకేతం వచ్చే రోజు అటూ ఇటూ అయితే చేప ఆకారమే వేరు.

ఈ చేప డార్విన్‌నూ ఇబ్బంది పెట్టింది. కన్ను పూర్తిగా అటు చేరితే ఉపయోగం సరే, సగం దూరం కదిలిన కన్నుతో ఏ చేపకు ఏం లాభం, అలాంటిది అంచెలంచెలుగా ఎలా వస్తుంది అని 1871లో సెయింట్ జార్జ్ మైవార్ట్ నిలదీశాడు. మరుసటి ఏడు తన పుస్తకం ఆరో ముద్రణలో డార్విన్ సమాధానం రాశాడు కానీ, సగం కదిలిన కన్నున్న చేపను చూపించలేకపోయాడు. సరైన జవాబు రావడానికి 2008 దాకా పట్టింది. ఉత్తర ఇటలీలోని మోంటే బోల్కా రాళ్లలో దొరికి, ఐరోపా మ్యూజియాల్లో ఎంతోకాలంగా పడి ఉన్న శిలాజాలను మాట్ ఫ్రీడ్‌మన్ అనే శాస్త్రవేత్త తిరిగి పరీక్షించాడు. వాటి పేర్లు ఆంఫిస్టియం, హెటెరోనెక్టెస్. వయసు దాదాపు 5 కోట్ల ఏళ్లు. వాటిలో ఒక కన్ను నెత్తి వైపు కదిలింది గానీ అవతలికి చేరలేదు. అవి పిల్లలేమో, కన్ను ఇంకా ప్రయాణంలో ఉందేమో అన్న అనుమానం రావాలి కదా. ఎముకలు చూస్తే అవి పూర్తిగా ఎదిగిన చేపలు. నేటి నాలుక చేప పిల్లతనంలో కొద్ది రోజుల్లో దాటిపోయే మెట్టు, ఆ పాత చేపకు జీవితాంతం ఉండే రూపం అన్నమాట.

అంతకంటే నాకు ఆశ్చర్యం కలిగించేది బతికున్న సాక్షి ఒకటి మన తీరంలోనే ఉండటం. సెట్టోడెస్ ఎరూమీ అనే బల్లపరుపు చేప బంగాళాఖాతంలో దొరుకుతుంది, మన మత్స్యకారుల వలల్లోనూ పడుతుంది. దానికి కదిలిన కన్ను నెత్తి అంచు దగ్గరే ఆగిపోతుంది. అప్పుడప్పుడు అది నిలువుగా కూడా ఈదుతుంది. బల్లపరుపు చేపల్లో ఇదే అన్నిటికంటే పాత పద్ధతి చేప అని శాస్త్రజ్ఞుల అంచనా. 1803లో పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలతో, స్థానికుల నోటి తెలుగు పేర్లతో సహా పుస్తకం అచ్చువేశాడు. మైవార్ట్ ప్రశ్న పుట్టడానికి దాదాపు డెబ్భై ఏళ్ల ముందే మన తీరపు చేపలు లండన్‌లో పుస్తకంలోకి ఎక్కాయి.

మళ్లీ మంచినీళ్లకు వద్దాం. గోదావరిలోనూ దాని ఉపనదుల్లోనూ సూదిలా పొడవాటి మూతి ఉన్న సన్నని చేప ఒకటి ఉంది. పైదవడ, కిందిదవడ రెండూ పొడుగే. ఈ కుటుంబం చేపలు పిల్లలుగా ఉన్నప్పుడు ముందు కిందిదవడ ఒక్కటే సాగుతుంది, పైది తర్వాత అందుకుంటుంది. మధ్యలో కొన్నాళ్లు అవి అరముక్కు చేపల్లా ఉంటాయి. అరముక్కు చేపలనేవి వేరే జాతులు, వాటికి జీవితాంతం కిందిదవడే పొడుగు. ఎవరి నుంచి ఎవరు వచ్చారన్నది చాలాకాలం తేలలేదు. 2000లో నేథన్ లవ్‌జాయ్ జన్యువుల ఆధారంగా వంశవృక్షం గీస్తే, సూదిమూతి చేపలే అరముక్కు చేపల నుంచి వచ్చాయని తేలింది. అంటే పూర్వీకులు ఆగిన చోట ఇవి ఆగకుండా ఇంకో అడుగు వేశాయి. అయితే అమెజాన్‌లో బెలోనియన్ అనే బుల్లి సూదిమూతి చేప ఆ అడుగు మానేసి మళ్లీ అరముక్కుతోనే ఉండిపోయింది. పరిణామం ఎప్పుడూ ముందుకే, పైపైకే వెళ్తుందనుకునేవాళ్లకు ఈ చేప మంచి జవాబు.

ఎదుగుదలను మధ్యలో ఆపడం ఎంత దూరం వెళ్తుందో సుమత్రా దీవి పీట్ బురద నీళ్లలో కనిపించింది. 2006లో వర్ణించిన పీడోసిప్రిస్ ప్రోజెనెటికా అనే చేపలో ఈడు వచ్చిన ఆడదాని పొడవు 7.9 మిల్లీమీటర్లే. మన బియ్యపు గింజంత. పుర్రె పైకప్పులో కొన్ని ఎముకలు దానికి ఏర్పడనే లేదు. అది రవ్వ, బొచ్చెల చుట్టమే.

రంగులకూ ఇదే సూత్రం. హైదరాబాద్‌లోని సీసీఎంబీ జీవశాస్త్ర ప్రయోగశాలలో పెంచే జీబ్రా చేప మన ఉపఖండపు చేపే, ఒంటి మీద నీలి చారలుంటాయి. దాని చుట్టం, మయన్మార్ వైపు దొరికే ముత్యపు డానియోకు చారలు లేవు. పసుపు రంగు కణాలు దానిలో ముందుగానే, ఒళ్లంతా తయారవుతాయి. నల్ల కణాలు వరుసల్లో సర్దుకునేందుకు వీలుండదు. 2014లో డేవిడ్ ప్యారిచీ బృందం జీబ్రా చేపలోనే ఆ పసుపు కణాలను ఎక్కువగా, తొందరగా రప్పిస్తే దాని ఒళ్లు ముత్యపు డానియోను పోలింది.

ఇక మన సొంత చేతుల మాట. చేప పిండంలో రెక్క మొలిచేటప్పుడు చివరన చర్మపు అంచు ఒకటి కింది కణాలను పెరగమని పురమాయిస్తుంది. చేపలో ఆ అంచు తొందరగా మడత పడిపోతుంది, ఎముకల పని ఆగి పల్చని రెక్క మొదలవుతుంది. నాలుగు కాళ్ల జీవుల్లో మడత పడదు, ఎముకలు పొడవు సాగుతాయి. ఈ ఆలస్యమే రెక్కను కాలుగా మార్చే దారి తెరిచి ఉంటుందని 1991లో పీటర్ థొరోగుడ్ ఊహించాడు. 2012లో జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో జీబ్రా చేప పిండంలో ఆ మడతను పదేపదే తీసేస్తూ పోతే, ఎముక తయారయ్యే భాగం మామూలు కంటే పొడుగైంది. కాలు రావడానికి ఇంకా చాలా మార్పులు కావాలి, సందేహం లేదు. కానీ మొదటి అడుగు ఒక ఆలస్యం కావచ్చునన్నది ఇప్పుడు ఒట్టి ఊహ కాదు.

ఆలస్యమే బతుకైన చేప ఒకటుంది, దాని వంశపు ఆనవాలు మన నీళ్ల దారిలోనే దొరికింది. మన మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ నీళ్లు ఇంకా కిందికి పోయి కాళేశ్వరం దగ్గర ప్రాణహితతో కలుస్తాయి. ఆ ప్రాణహిత లోయలోని కోట శిలాస్తరాల్లో జురాసిక్ కాలపు చేపలున్నాయి. 1974లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్త ఎస్.ఎల్. జైన్ అక్కడి ఒక శిలాజానికి ఇండోసీలకాంథస్ రోబస్టస్ అని పేరు పెట్టారు. మన దేశంలో దొరికిన మొదటి సీలకాంత్ శిలాజం అది. కండగల రెక్కలున్న ఈ వంశం ఏనాడో అంతరించిందనుకుంటే, 1938లో దక్షిణాఫ్రికా తీరంలో ఒకటి వలలో పడింది. నేటి సీలకాంత్‌లో వెన్నెముక స్థానంలో, వెన్నెముక ఉన్న మిగతా చాలా జీవుల్లో పిండదశకే పరిమితమైన మెత్తని కడ్డీ జీవితాంతం ఉండిపోతుంది. దాని వేళలన్నీ నిదానమే. దాని పొలుసుల మీది వలయాలను లెక్కపెట్టి 2021లో తేల్చిన దాని ప్రకారం అది నూరేళ్ల దాకా బతుకుతుంది, ఈడు వచ్చేసరికి యాభై ఏళ్లు దాటుతుంది, పిల్లల్ని ఐదేళ్లు మోస్తుంది. జిలేబీ ఒక కొస అయితే ఇది మరో కొస.

జిలేబీ విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. ఇరుకు కుంటలో తొందరగా ఈడు రావడం ఆ చేప తన జీవితకాలంలో చేసుకునే సర్దుబాటు. దాని పిల్లల్ని పెద్ద నీళ్లలో వదిలితే మళ్లీ పెద్దగా పెరగగలవు. దాన్నే పరిణామం అనలేం. పరిణామం కావాలంటే మార్పు వంశంలో దిగాలి. అలా దిగుతుందని చూపించింది దోమల నివారణకు మనం కూడా వాడే గప్పీ చేప. ట్రినిడాడ్ వాగుల్లో పెద్ద గప్పీలను తినే శత్రువున్న చోటి నుంచి కొన్నింటిని తెచ్చి, చిన్నవాటినే ఎక్కువగా తినే శత్రువున్న చోట వదిలారు. పదకొండేళ్లలో, 30 నుంచి 60 తరాల్లో, అవి ఆలస్యంగా, పెద్ద ఒంటితో ఈడుకు వచ్చే రకంగా మారాయని డేవిడ్ రెజ్నిక్, జాన్ ఎండ్లర్ బృందం 1990లో ప్రకటించింది. ప్రయోగశాలలో పెంచిన మనవళ్ల తరంలోనూ ఆ మార్పు నిలిచింది.

పెద్దవాటిని వెతికి తినే శత్రువు చేపలకు తొందరగా ఈడు తెప్పిస్తుంది. మనిషి వల కూడా అలాంటి శత్రువే. కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్ తీరంలో కాడ్ చేపల వేట 1992 జులైలో పూర్తిగా ఆగిపోయింది, సుమారు 30 వేల మందికి పని పోయింది. 2004లో పాత లెక్కలు తిరగేస్తే, ఆ వేట ఆగిపోవడానికి ముందు ఏళ్లలోనే కాడ్ చిన్న వయసులో, చిన్న ఒంటితో ఈడుకు రావడం మొదలైందని బయటపడింది. చేపలు ముందే హెచ్చరించాయి, చదివినవాళ్లు లేరు.

మన చెరువుల్లో రవ్వ, బొచ్చె పిల్లల్ని ఏటా హేచరీల నుంచి తెచ్చి వదులుతాం. అవి పారే నీళ్లు లేనిదే గుడ్లు పెట్టవు కాబట్టి మన వల వాటి వంశాన్ని అంతగా తాకదు. కానీ కొర్రమీను, మట్టగిడస, బొమ్మిడాయి, పరకలు మన కుంటల్లోనే పుట్టి మన కుంటల్లోనే పెరిగే చేపలు. వాటిలో ఏది మిగలాలో, ఏ వేళకు ఈడు రావాలో నిర్ణయిస్తున్నది మనమే. చిన్నవాటిని వదిలేయమని అందరూ చెప్తారు, అది సగం పని మాత్రమే. పెద్దవాటిలోనూ కొన్నింటిని ప్రతి ఏడూ మిగల్చాలి. ఎక్కువ గుడ్లు పెట్టేవీ, ఆలస్యంగా ఎదిగే గుణాన్ని పిల్లలకు ఇచ్చేవీ అవే.

అందుకని మత్స్య సహకార సంఘాల పెద్దలకు, నారింజ వాగు పొడుగునా, మంజీర పొడుగునా గాలాలు వేసే అన్నదమ్ములకు నా విన్నపం. తొలకరి మొదటి వారాల్లో అలుగు దగ్గర, వాగు మొదట్లో సన్న కన్ను వలలు కట్టకండి. చెరువు అంచున ఎర్ర పిల్లల గుంపు తిరుగుతుంటే కింద కొర్రమీను జంట ఉందని మీకు తెలుసు. పిల్లలకు రంగు మారి, గాలి పీల్చడం వచ్చి, అవి చెదిరిపోయేదాకా ఆ జంటను పట్టకండి.